కొత్త మిడ్‌సైజ్ సెడాన్: ధర ఎలా పోల్చాలి, విలువ ఎలా చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేము సెడాన్ కొని రెండేళ్లు దాటింది. కొనేముందు నెలన్నర పాటు విజయవాడలో, హైదరాబాద్‌లో కలిపి ఏడు షోరూముల మెట్లెక్కాం. నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, అంకెలు కనిపిస్తే ఊరుకోలేను. అన్నీ ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకున్నాను. అప్పటినుంచి చుట్టాల్లో ఎవరు కారు కొనాలన్నా నాకే ఫోన్. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెట్టాను.

మిడ్‌సైజ్ సెడాన్ అంటే ఏ కార్లు?

మన దేశంలో ఈ మాట అంటే హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. ఈ నాలుగే. మారుతీ సియాజ్ కూడా ఉండేది, 2025లో ఆపేశారు. పొడవు నాలుగున్నర మీటర్ల పైన, డిక్కీ ఐదు వందల లీటర్ల పైన. డీజిల్ ఇప్పుడు ఎందులోనూ లేదు. హోండా సిటీలో మాత్రం పెట్రోల్‌తో పాటు స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది, అంటే పెట్రోల్ ఇంజన్‌కి తోడు బ్యాటరీ మోటారు. డిజైర్, అమేజ్, ఆరా వంటివి నాలుగు మీటర్ల లోపు బండ్లు, వాటి లెక్కే వేరు.

ఆ నాలుగు మీటర్ల గీతకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

పన్ను. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లోపు ఉంటే జీఎస్టీ 18 శాతం. ఈ రెంటిలో ఒక్కటి దాటినా 40 శాతం. 2025 సెప్టెంబర్ 22న, సరిగ్గా నవరాత్రుల మొదటి రోజున, ఈ రేట్లు వచ్చాయి. అంతకుముందు చిన్న పెట్రోల్ కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం, మన సెడాన్ మీద 45 శాతం ఉండేది.

అందరూ "పన్ను తగ్గింది కదా, సెడాన్ కొనడానికి ఇదే మంచి టైమ్" అంటారు. తగ్గిన మాట నిజమే. కానీ రెంటి మధ్య తేడా 16 శాతం నుంచి 22 శాతానికి పెరిగింది. లెక్క చూడండి. అప్పట్లో పద్నాలుగున్నర లక్షలున్న సెడాన్ 14 లక్షలకు దిగింది, అంటే 50 వేలు తగ్గింది. అప్పట్లో 8 లక్షలున్న చిన్న సెడాన్ పన్ను తగ్గాక 7 లక్షల 32 వేలకు వస్తుంది, అంటే 68 వేలు తగ్గింది. ధర సగమే, తగ్గింపు మాత్రం ఎక్కువ.

కాబట్టి మొదట అడగాల్సింది సిటీనా వెర్నానా అని కాదు. మీకు నిజంగా మిడ్‌సైజ్ కావాలా, డిజైర్ సరిపోతుందా అని. ఇంట్లో నలుగురే ఉండి, తిరిగేది ఎక్కువగా ఊళ్లోనే అయితే డిజైర్‌ని ఒకసారి చూసిరండి. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు కూడా వచ్చాయి. మేము వెనక సీట్లో మా అత్తగారి మోకాళ్ల కోసం పెద్ద బండికి వెళ్లాం. నెలకు రెండుసార్లు హైవే ఎక్కి 270 కిలోమీటర్లు కూర్చోవాలి ఆవిడ. ఆ కారణం లేకపోతే నేను అంత డబ్బు పెట్టేదాన్ని కాదు.

ఎక్స్-షోరూమ్ 14 లక్షలంటే మన చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది?

సుమారు 17 లక్షలు. ఎలాగంటే:

బండి అసలు ధర 10 లక్షలు. దాని మీద 40 శాతం జీఎస్టీ 4 లక్షలు. ఈ రెండూ కలిస్తే ఎక్స్-షోరూమ్ 14 లక్షలు. దాని మీద లైఫ్ టాక్స్. 10 నుంచి 20 లక్షల మధ్య కారుకు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 2022 నాటి స్లాబు 17 శాతం. స్లాబులు మారుస్తుంటారు కాబట్టి కొనే వారంలో ఆర్టీఏ రేటు చూసుకోండి. 17 చొప్పున 2 లక్షల 38 వేలు. టీసీఎస్ (షోరూము మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) ఒక శాతం, 14 వేలు. ఇన్సూరెన్స్ యాభై, అరవై వేల మధ్య. రిజిస్ట్రేషన్ ఫీజు, ఆర్సీ కార్డు, లోన్ ఉంటే హైపోథికేషన్ ఫీజు, ఫాస్టాగ్ అన్నీ కలిపి మూడు, నాలుగు వేలు.

ఒక్కసారి గమనించండి. పది లక్షల వస్తువు మీద ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు పన్నులే. జీఎస్టీ మీద మళ్లీ లైఫ్ టాక్స్, అంటే పన్ను మీద పన్ను. ఇది తెలిశాక మా ఆయన రెండు రోజులు కారు మాట ఎత్తలేదు.

దీన్నుంచి పనికొచ్చే సూత్రం ఒకటుంది. ఎక్స్-షోరూమ్‌లో లక్ష పెరిగితే చేతి నుంచి పోయేది లక్షా ఇరవై వేలు. పై వేరియంట్‌కి వెళ్దామా అనుకున్నప్పుడల్లా దీన్ని గుర్తుచేసుకోండి.

పది లక్షల దగ్గర ఏదో మెలిక ఉందంటారు, ఏమిటది?

కింది వేరియంట్లు చూసేవాళ్లకు ఇది ముఖ్యం. అదే 2022 స్లాబుల ప్రకారం ఎక్స్-షోరూమ్ పది లక్షల లోపుంటే లైఫ్ టాక్స్ 14 శాతం, టీసీఎస్ లేదు. పది దాటితే 17 శాతం, అదీ దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద. 9 లక్షల 99 వేల బండికి లైఫ్ టాక్స్ లక్షా 40 వేలు. 10 లక్షల 5 వేల బండికి లక్షా 71 వేలు, పైన పది వేల టీసీఎస్. షోరూమ్ ధరలో తేడా ఆరు వేలే, మన జేబులో తేడా 47 వేలు. ఇరవై లక్షల దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది, హైబ్రిడ్ చూసేవాళ్లు గమనించాలి.

ఇంకో మాట. మీ పేరు మీద ఇప్పటికే బండి ఉంటే రెండో బండికి లైఫ్ టాక్స్ శాతం పెరగవచ్చు. ఎవరి పేరు మీద కొంటారన్నది ముందే ఇంట్లో తేల్చుకోండి. మా బాబాయిగారు ఇది తెలియక కట్టి, తర్వాత పిన్ని చేత మాటలు పడ్డారు.

టీసీఎస్ డబ్బు వెనక్కి వస్తుందా?

వస్తుంది. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే ఆదాయపన్ను. రిటర్న్ వేసేటప్పుడు చూపిస్తే కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, లేకపోతే రిఫండ్ వస్తుంది. ఇన్వాయిస్ మీద పాన్ నంబర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడమొక్కటే మన పని. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో దీన్ని మరిచిపోయి వదిలేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

మూడు షోరూముల కొటేషన్లు పక్కపక్కన పెడితే ఏదీ దేనితోనూ సరిపోలదు. ఎలా పోల్చాలి?

సరిపోలకుండా ఉండేలాగే రాస్తారు. ఒకాయన డిస్కౌంట్ 60 వేలని పైన పెద్ద అక్షరాలతో రాస్తాడు. రెండో ఆయన 40 వేలు డిస్కౌంట్, "ఫ్రీ" ఇన్సూరెన్స్ అంటాడు. మూడో ఆయన 25 వేలు తగ్గించి, 30 వేల యాక్సెసరీస్ ఇస్తానంటాడు.

నా నోటుబుక్కులో ఒక కొటేషన్ ఇప్పటికీ అంటించి ఉంది. అందులో "ఎసెన్షియల్ కిట్" అని 14,900 రూపాయలు. ఆ అబ్బాయిని అడిగాను, కిట్ అంటే ఏమేం వస్తాయని. మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, సీట్ కవర్లు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు, సెంటు సీసా. "వినాయకుడు ఇంట్లో ఉన్నాడు బాబూ, మ్యాట్లొక్కటి రాయి" అన్నాను. కింద "హ్యాండ్లింగ్ ఛార్జీలు" 8,500. ఎవరు ఎవర్ని హ్యాండిల్ చేసినందుకు అని అడిగితే నవ్వి, మేనేజర్‌ని అడిగొస్తానని లేచాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి కొట్టేశాడు. ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

నేను చేసిన పద్ధతి ఇది. కొటేషన్‌ని రెండు భాగాలు చేయండి. ఒకటి, ఏ షోరూములో అయినా మారనివి: ఎక్స్-షోరూమ్, లైఫ్ టాక్స్, టీసీఎస్, రిజిస్ట్రేషన్ ఫీజు. ఒకే ఊళ్లో ఒకే వేరియంట్‌కి ఇవి రూపాయితో సహా ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఎక్కడో తప్పు రాశారు. రెండు, మారేవి: ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్, కోటింగ్, డిస్కౌంట్. బేరం ఉన్నదంతా ఈ రెండో భాగంలోనే. దాన్నంతా సున్నా చేయించి, "మ్యాట్లు కూడా వద్దు, ఇన్సూరెన్స్ నేను చూసుకుంటాను, లోన్ కూడా నాదే. ఇప్పుడు మొత్తం ఎంత?" అని అడగండి. ఆ ఒక్క అంకెను మూడు చోట్లా పోల్చండి. ఆ తర్వాత కావాల్సినవి ఒక్కొక్కటే కలుపుకోవచ్చు.

"కార్పొరేట్ డిస్కౌంట్", "లాయల్టీ బోనస్", "ఎక్స్ఛేంజ్ బోనస్" అని రాసినవి మీకు వర్తిస్తాయో లేదో ముందే తేల్చుకోండి. కొటేషన్‌లో అన్నీ కలిపి చూపించి, బిల్లు రోజున "మీ కంపెనీ మా లిస్టులో లేదు మేడమ్" అనడం మామూలే.

ఇంకొకటి. ధర మాట్లాడేటప్పుడు సేల్స్ అబ్బాయిలు నా వైపు చూడకుండా మా ఆయనకే చెప్పేవాళ్లు. నోటుబుక్కు తెరిచాక చూసేవాళ్లు.

ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలా?

అక్కర్లేదు, ఎక్కడైనా తీసుకోవచ్చు. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదు" అంటారు. క్యాష్‌లెస్ అనేది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాలసీ ఎవరి చేతుల మీదుగా కొన్నారన్నది దానికి సంబంధం లేదు. మాకు షోరూములో 71 వేలు రాశారు. అవే కవర్లు, అదే ఐడీవీతో (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే మొత్తం) బయట 53 వేలకు వచ్చింది. ఆ కాగితం చూపించగానే షోరూము వాళ్లే 54 చేశారు. వెయ్యి రూపాయల కోసం ఎందుకని అక్కడే తీసుకున్నాం.

పోల్చేటప్పుడు ఐడీవీ ఒకటే ఉండాలి. కొత్త బండికి అది సాధారణంగా ఎక్స్-షోరూమ్‌లో 95 శాతం. దాన్ని తగ్గించి ప్రీమియం చవకగా చూపిస్తారు, జాగ్రత్త. కొత్త కారుకు థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) మూడేళ్లది ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి ఇది తప్పనిసరి. దాని రేటు ఇంజన్ సైజును బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కంపెనీని బట్టి మారదు. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 6,521, 1500 సీసీ వరకు 10,640. స్లావియా, వర్టస్‌లలో ఒక లీటర్ ఇంజన్ 999 సీసీ కాబట్టి అది మొదటి గడిలోకి వస్తుంది.

పాత కారుకు నో క్లెయిమ్ బోనస్ ఉందా? అది బండిది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం. పాత బండి అమ్మేటప్పుడు ఆ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త బండి ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో ఆ శాతం తగ్గుతుంది. షోరూములో ఎవరూ గుర్తుచేయరు. మనమే అడగాలి.

యాడ్-ఆన్లలో జీరో డిప్ తీసుకోండి, అది ఉంటే క్లెయిమ్‌లో పార్టుల అరుగుదల కింద డబ్బు కోయరు. ఇంజన్ ప్రొటెక్ట్ మీ ఊరిని బట్టి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు వీధుల్లో కార్ల పైకప్పులు మాత్రమే కనిపించాయి. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీరు లాక్కుంటుంది, ఆ నష్టం మామూలు పాలసీలో రాదు. విజయవాడలో ఉండేవాళ్లకు ఆ కవర్ గురించి వేరే చెప్పక్కర్లేదు. తాళం తిప్పకుండా టోయింగ్ బండిని పిలవాలన్నది మాత్రం కవర్ ఉన్నా లేకపోయినా గుర్తుంచుకోండి.

ఆషాఢంలో కొంటే నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. మనవాళ్లు ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో, పుష్యమాసంలో బండి ఇంటికి తెచ్చుకోరు. షోరూముకి నెలవారీ టార్గెట్ మాత్రం ఏ మాసమైనా ఉంటుంది. దసరాకి, ధనత్రయోదశికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు, అప్పుడు బేరానికి బలం ఉండదు. ఆఫర్ అని బోర్డు ఉంటుంది గానీ, దాని మీద ఒక్క రూపాయి అదనంగా దిగరు.

పట్టింపు ఉన్నవాళ్లకు మధ్యేమార్గం ఉంది. ఆషాఢంలో ధర మాట్లాడి, బండి కేటాయించుకుని, ఆ ధరను కొటేషన్ మీద మేనేజర్ సంతకంతో రాయించుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోవడం. మా ఆడపడుచు అలాగే చేసింది. బిల్లు ఏ నెలలో వేస్తారో అడగండి, ఎందుకంటే ఆఫర్ బిల్లు తేదీకి వర్తిస్తుంది, బుకింగ్ తేదీకి కాదు. నెలాఖరు మూడు రోజులు కూడా మంచి సమయమే.

డిసెంబర్ డిస్కౌంట్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ ఇక్కడే నేను దెబ్బతిన్నాను. డిసెంబర్‌లో 70 వేలు తగ్గుతుందంటే సంబరపడి బిల్లు వేయించుకున్నాం. ఇంటికొచ్చి ఫారం 21 (షోరూము ఇచ్చే సేల్ సర్టిఫికెట్) చదివితే తయారీ నెల మార్చి అని ఉంది. తొమ్మిది నెలలు యార్డులో ఎండకు ఎండి, వానకు తడిసిన బండి. షోరూములో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

రేపు అమ్మేటప్పుడు కొనేవాడు తయారీ సంవత్సరం చూస్తాడు. డిసెంబర్‌లో కొన్న బండి జనవరి వచ్చేసరికి కాగితం మీద ఏడాది పాతది. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. మూడు, నాలుగేళ్లకే మార్చేవాళ్లు మాత్రం ఆ డిస్కౌంట్‌ని మొత్తంగా లాభం అనుకోవద్దు. డబ్బు కట్టేముందు చాసిస్ నంబర్ తీసుకుని తయారీ నెల అడగండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3224 అంటే 2024లో 32వ వారం. బండి ఎప్పటిదో అది కూడా చెబుతుంది.

ఏ వేరియంట్‌లో విలువ ఎక్కువ?

నా అభిప్రాయంలో మధ్యది, కింది నుంచి రెండోదో మూడోదో. పై వేరియంట్ ధరలో చాలా భాగం సన్‌రూఫ్‌కి, పెద్ద స్క్రీన్‌కి, రంగు లైట్లకి పోతుంది. మే నెలలో హైదరాబాద్‌లో సన్‌రూఫ్ తెరిచేదెవరు? దానికన్నా గాలి వచ్చే సీట్లు నయం. అది నేను డబ్బు పెట్టి కొనే సౌకర్యం, వీపు తడవకుండా సూర్యాపేట దాకా వెళ్లొచ్చు.

భద్రతలో మాత్రం బేరం వద్దు. స్లావియా, వర్టస్, వెర్నా మూడింటికీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు వచ్చాయి. వెర్నాలో 2023 మోడల్ నుంచి అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. సిటీ, వెర్నాల్లో పై వేరియంట్లకు అడాస్ వస్తుంది, అంటే ముందు బండి ఆగితే మన బండి తనంతట తాను బ్రేక్ వేయడం వంటివి. హైవేలో పనికొస్తుంది. ఊళ్లో ఆటో అడ్డం వచ్చినప్పుడల్లా బీప్ బీప్ మంటుంటే మా ఆయన దాన్ని ఆపేస్తారు.

హైబ్రిడ్ ధర ఎక్కువైనా మైలేజీలో తిరిగి వస్తుందా?

మీరు ఎంత తిరుగుతారన్నదే జవాబు. హైబ్రిడ్‌కి మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ కన్నా మూడున్నర లక్షలు ఎక్కువ అనుకుందాం. ఒక్క లైఫ్ టాక్స్‌తోనే అది నాలుగు లక్షల పది వేలు అవుతుంది. పెట్రోల్ లీటర్ 107, మామూలు బండి 13 కిలోమీటర్లు, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకుందాం. కంపెనీ చెప్పే 18, 27 లెక్కలు కాగితానికే, మన ట్రాఫిక్‌కి కాదు.

ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 37,600. పెట్టిన అదనపు డబ్బు రావడానికి దాదాపు పదకొండేళ్లు. అదే 25 వేల కిలోమీటర్లయితే ఏడాదికి 78 వేలు మిగులుతాయి, ఐదేళ్లు దాటాక లెక్క సరిపోతుంది. రోజూ గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ దాకా వెళ్లొచ్చేవాళ్లు ఆలోచించవచ్చు. ఆదివారం గుడికి, నెలకోసారి ఊరికి వెళ్లే ఇంటికి అనవసరం.

ఒక్క విషయం ఎవరూ చెప్పరు. బ్యాటరీ వెనకే ఉంటుంది కాబట్టి సిటీ హైబ్రిడ్‌లో డిక్కీ 306 లీటర్లే, మామూలు సిటీలో 506. అమెరికా నుంచి పిల్లలు వస్తే శంషాబాద్ నుంచి ఆ పెద్ద సూట్‌కేసులు ఎక్కడ పెడతారు? సెడాన్ కొనేదే డిక్కీ కోసం కదా.

టర్బో ఇంజన్‌కి ఎక్కువ పెట్టవచ్చా?

టర్బో అంటే గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి ఎక్కువ బలం ఇచ్చే ఇంజన్. నడిపి చూడండి, అంతే. స్లావియా, వర్టస్‌లలో ఒక లీటర్ టర్బో 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఒకటిన్నర లీటర్ టర్బో 150. వెర్నాలో మామూలు ఇంజన్ 115, టర్బో 160. సిటీలో టర్బో లేదు, 121 పీఎస్‌తో మెత్తగా వెళ్తుంది. తేడా తెలియాలంటే షోరూము చుట్టూ రెండు సందులు తిప్పితే చాలదు. కుటుంబం మొత్తాన్ని ఎక్కించి, ఏసీ వేసి, ఒక ఫ్లైఓవర్ ఎక్కండి. అప్పుడు లాగుతుంటే మీకు అదే చాలు.

ఆటోమేటిక్ తీసుకుంటే గేర్‌బాక్స్ ఏ రకమో అడగండి. వెర్నా టర్బో, స్కోడా-ఫోక్స్‌వ్యాగన్ ఒకటిన్నర లీటర్‌లలో వచ్చే డ్యూయల్ క్లచ్ హుషారుగా ఉంటుంది, కానీ ఇంచులవారీగా కదిలే ట్రాఫిక్‌లో దాని క్లచ్‌కి పని ఎక్కువ. వారంటీ అయ్యాక పాడైతే బిల్లు కూడా పెద్దదే. అలాంటి బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవడం తెలివైన ఖర్చు. హోండా సిటీలోని సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) వంటి నెమ్మదైన వాటికి అంత టెన్షన్ అక్కర్లేదు.

లోన్ ఏడేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ తక్కువ కదా?

ఈఎంఐ తక్కువే, కారు ఖరీదు ఎక్కువ. 10 లక్షలకు 9 శాతం వడ్డీ అనుకోండి. ఐదేళ్లకైతే నెలకు 20,758, మొత్తం వడ్డీ 2 లక్షల 45 వేలు. ఏడేళ్లకైతే నెలకు 16,089, వడ్డీ 3 లక్షల 51 వేలు. నెలకు నాలుగున్నర వేల సుఖానికి లక్షా ఆరు వేలు. షోరూములో రెండు గంటలు బేరమాడి సంపాదించిన 40 వేలు ఇక్కడ ఒక్క సంతకంతో పోతాయి.

ఎవరైనా "ఐదు శాతమే మేడమ్" అంటే అది ఫ్లాట్ రేటా, రెడ్యూసింగ్ రేటా అని అడగండి. ఫ్లాట్ అంటే మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ, రెడ్యూసింగ్ అంటే మిగిలిన బాకీ మీదే. ఐదేళ్ల లోన్‌కి ఫ్లాట్ 5 అంటే రెడ్యూసింగ్‌లో 9 పైచిలుకే. మీ జీతం పడే బ్యాంకులో ముందు రేటు కనుక్కుని వెళ్లండి. షోరూము ఫైనాన్స్ తీసుకుంటేనే డిస్కౌంట్ అన్నారనుకోండి, ఆ డిస్కౌంట్‌నీ వడ్డీ తేడానీ పక్కపక్కన రాసి చూడండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే ఛార్జీ మరవకండి.

రీసేల్ ఎలా అంచనా వేయాలి?

సలహాలు వినకండి, మార్కెట్ చూడండి. పాత కార్ల యాప్‌లలో మీరు కొనబోయే మోడల్, ఆరేళ్లనాటిది, మీ ఊళ్లో ఎంతకు పెట్టారో నాలుగైదు చూడండి. పెట్టిన ధరకు అమ్ముడుపోదు, కాస్త తగ్గించి రాసుకోండి. ఆన్‌రోడ్ (పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి) 17 లక్షల 10 వేల బండి ఆరేళ్లకు 6 లక్షల 30 వేలకు పోయిందనుకుంటే, నష్టం 10 లక్షల 80 వేలు, అంటే నెలకు పదిహేను వేలు. పెట్రోల్, సర్వీసు దీనికి అదనం. అన్ని మోడళ్లకూ ఈ నెలవారీ అంకె వేసి చూడండి. కొనేటప్పుడు చవకగా కనిపించిన బండి ఒక్కోసారి ఇక్కడ ఖరీదవుతుంది.

ఇదే డబ్బుకు హ్యుందాయ్ క్రెటా లాంటి ఎస్‌యూవీ వస్తుందిగా?

వస్తుంది, అమ్మేటప్పుడు కూడా బాగా పోతుంది. మామూలు వెర్నా, మామూలు క్రెటాల్లో ఉండేది అదే 115 పీఎస్ పెట్రోల్ ఇంజన్. స్కోడాలో స్లావియా, ఎస్‌యూవీ అయిన కుషాక్ కూడా అన్నదమ్ముల్లాంటివే. ఎత్తు కావాలా, స్థిమితం కావాలా అన్నది మీ ఇష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెడాన్‌లోకి వంగి కూర్చోలేరు, అది మాత్రం కొనేముందే వాళ్లను కూర్చోబెట్టి చూడండి. మా అత్తగారు రెండు బండ్లూ ఎక్కి దిగి, "ఇందులో కడుపులో తిప్పట్లేదు" అని సెడాన్ వైపు చెయ్యి చూపించారు. చర్చ అక్కడితో ముగిసింది.

పాత కారు షోరూముకే ఇచ్చేయాలా?

ముందు బయట రెండుచోట్ల ధర కట్టించండి. షోరూములో పాత బండికి ధర తగ్గించి, దాన్నే "ఎక్స్ఛేంజ్ బోనస్" పేరుతో మనకే తిరిగిస్తారు. రెండూ కలిపి చూడాలి. షోరూముకిచ్చినా సరే, ఆర్సీ పేరు మార్పిడి అయ్యేదాకా వెంటపడండి. లేకపోతే చలాన్లు మీ ఫోన్‌కే వస్తాయి.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు క్యామ్రీ కొంటున్నాడు. అక్కడా ఇవే లెక్కలా?

మూల సూత్రం అదే, పేర్లు వేరు. అక్కడ మిడ్‌సైజ్ అంటే క్యామ్రీ, అకార్డ్. మన సిటీ అంత బండిని అక్కడ చిన్నకారు అంటారు. మన ఆన్‌రోడ్‌కి బదులు వాళ్లు "అవుట్ ద డోర్" ధర అంటారు. తమ్ముడిని షోరూముకి వెళ్లకుండానే నాలుగు డీలర్‌షిప్‌లకు మెయిల్ పెట్టి, ఒకే ట్రిమ్‌కి (మన వేరియంట్) అవుట్ ద డోర్ ధర రాతపూర్వకంగా అడగమనండి. డెస్టినేషన్ ఛార్జీ (బండిని డీలర్ దాకా చేర్చే ఖర్చు) కంపెనీది, తగ్గదు. డాక్ ఫీజు (కాగితాల పనికి డీలర్ తీసుకునేది), డీలర్ కలిపిన యాడ్-ఆన్లు చూసుకోవాలి. డల్లాస్‌లో ఉంటే సేల్స్ టాక్స్ 6.25 శాతం, పాత కారు ట్రేడ్-ఇన్ చేస్తే టెక్సస్‌లో ఆ మొత్తం తీసేశాకే పన్ను వేస్తారు. మన లైఫ్ టాక్స్ మాట వింటే వాడు నవ్వుతాడు, చెప్పకండి.

డెలివరీ రోజు ఏం చూసుకోవాలి?

ముహూర్తం హడావుడిలో ఏమీ చూడలేరు. అందుకే ముందురోజు పగటి వెలుతురులో యార్డుకి వెళ్లి బండి చూడండి. మీటర్ రీడింగ్, రంగులో తేడా, అద్దాల మీద నెల గుర్తు, స్టెప్నీ, చాసిస్ నంబర్. అది బాగుంటేనే మిగతా డబ్బు కట్టండి.

డెలివరీ రోజు కేకు కోయిస్తారు, ఫొటో తీస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు మీరే తీసుకెళ్లండి, షోరూములో ఉంటాయని నమ్ముకోవద్దు. తర్వాత సేల్స్ అబ్బాయి పక్కకొచ్చి, "కంపెనీ నుంచి కాల్ వస్తుంది మేడమ్, పదికి పది ఇవ్వండి" అంటాడు. పాపం, వాడి ఇన్సెంటివ్ దాని మీదే ఉంటుంది, ఇవ్వండి. కాకపోతే ఒరిజినల్ ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ పాలసీ, ఫారం 21, ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం, రెండో తాళంచెవి చేతికొచ్చాకే ఇవ్వండి. మా రెండో తాళంచెవి కోసం నేను పదకొండు రోజులు తిరిగాను.